పైడితల్లి కాళ్లు, చిన్న డిస్కు

తొమ్మిదో రోజు, శనివారం

మా పైడితల్లి ఇవాళ పదకొండు అడుగులు నడిచింది.

అయ్యా, ఈ మాట రాయడానికి పొద్దుట్నుంచీ ఆగలేకపోతున్నాను. పొయ్యి దగ్గర్నుంచి కిటికీ దాకా, ఎవరి భుజమూ పట్టుకోకుండా నడిచింది. నేను లెక్కపెట్టాను, మా ఆడమనిషి నూకాలు లెక్కపెట్టింది, ఇద్దరికీ పదకొండే వచ్చింది. ఆరేళ్లుగా మేం ఎత్తి కూర్చోబెట్టి, ఎత్తి పడుకోబెట్టిన పిల్ల. పిల్ల అంటున్నాను గాని ముప్ఫై రెండేళ్ల మనిషి. కిటికీ చేరాక కింద నీళ్లకేసి చూసి, ఇవాళ పోటు బాగా ఎక్కిందని అంది, రోజూ నడిచొచ్చి చూసే దానిలాగ. నేను ఏడ్చేశాను. ఇది కూడా పుస్తకంలో ఉండాల్సిన సంగతే అనుకుని రాస్తున్నాను.

కాళ్ల కొట్టు వారు నడవలేనివాళ్లకి తొడిగే ఈ యంత్రం కాళ్లు ఇచ్చినప్పుడే ఈ పుస్తకం కూడా చేతిలో పెట్టారు. కాళ్లు ఎలా నడుస్తున్నాయో, ఇంట్లో కంప్యూటరు పెట్టె ఎలా నడుస్తోందో ఇంటిపెద్ద తన చేత్తో రాయాలట. నేను ఆరో తరగతి దాకా చదివి తాళ్లు పేనే పనిలో పడ్డవాణ్ణి. తప్పులుంటే మన్నించాలి.

నలభయ్యో రోజున పరీక్ష. మా మిద్దె నుంచి, వీధిని ముంచిన సముద్రం నీళ్ల మీదుగా, ఎదురు మిద్దెకి తాళ్ల వంతెన మీద నడిచి వెళ్లి, అక్కడ తిరిగి, మళ్లీ రావాలి. పోను నూరు అడుగులు, రాను నూరు. మధ్యలో కాళ్లు ఆగితే కాళ్ల కోసం వరసలో మా తరవాత ఉన్నవాళ్లకి ఇచ్చేస్తారు. అది న్యాయమే. మా ముందువాళ్లకి ఆగిపోబట్టే మాకు వచ్చాయి.

పెట్టె సంగతి. కాళ్లకి బుర్ర మా ఇంటి పెట్టెలోనే ఉంది. వెనకటి రోజుల్లో అందరివీ ఎక్కడో దూరాన ఒకేచోట దాచేవారట. సముద్రంలో తీగ తెగిపోయాక ఎవరింటి పెట్టె వాళ్లదే. మా పెట్టెలో రెండు డిస్కులు. లోపల బిగించింది చిన్నది, పెట్టె బతకడానికి కావలసినవి అందులో ఉంటాయి. ముందు సొరుగులో ఉన్నది పెద్దది, పైడితల్లి వేసే ప్రతి అడుగూ అందులోకి వెళుతుంది. పగలు రాసుకున్న అడుగుల్ని పెట్టె మళ్లీ చదువుకుని మర్నాడు ఇంకొంచెం బాగా నడిపిస్తుంది. చిన్న డిస్కు నిండితే పెట్టె ఆగుతుంది, పెట్టె ఆగితే కాళ్లు ఆగుతాయి. కాళ్లొచ్చిన రోజు చిన్న డిస్కు నూటికి నలభై పాళ్లు నిండి ఉంది. ఇవాళ యాభై రెండు. ఎందుకు పెరిగిందో తెలీదు.

పదకొండు అడుగుల సంగతి మా ఇలవేల్పు నూకాలమ్మ తల్లి దయ అంటుంది మా ఆడమనిషి. నిన్న శుక్రవారం పూజ బాగా చేసింది. నాకైతే వంతెన మధ్య నుంచుని అన్ని వరసల మిద్దెలకీ వినబడేలా చెప్పాలని ఉంది. పైడితల్లి ఒప్పుకోలేదు. పరీక్ష అయ్యేదాకా చుట్టాల్లో ఒక్కరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది.

పదహారో రోజు, శనివారం

అరవై అడుగులు. ఒకసారి కూడా పడలేదు.

ఎండతో కరెంటిచ్చే పలకల మీద ఉప్పు తుడవడానికి నేను మిద్దె మీదకి వెళితే నా వెనకే మెట్లెక్కి వచ్చింది. నేను చూడలేదు. గుడ్డ అందించేదాకా వాళ్లమ్మ అనుకున్నాను. ఒక్కటే చిక్కు. తిన్నగా బాగానే పోతోంది గాని, మలుపు తిరిగేటప్పుడు తూలుతోంది. ఎడం కాలు ఎటు వెయ్యాలో కాళ్లకి తెలీనట్టుంది.

చిన్న డిస్కు డెబ్బై రెండు. వారంలో ఇరవై పెరిగింది. పెట్టెలు బాగుచేసే వరహాలమ్మకి రేడియోలో చెప్పాను. ఆవిడ మా వరసకి పదిహేను రోజులకోసారి పడవలో వస్తుంది. ఈలోగా పెట్టె జోలికి పోవద్దు అన్నియ్యా అంది. సరే అన్నాను.

ఇరవై మూడో రోజు, శనివారం

పొద్దున్న నిద్ర లేచేసరికి తొంభై ఎనిమిది. ఏం చెయ్యాలో తేలేలోపు నూరైపోయింది.

అప్పటికి పైడితల్లి గది మధ్యలో ఉంది. కాళ్లు నిలబడ్డవి నిలబడ్డట్టే బిగుసుకున్నాయి. వంగవు, మడవడానికి లేదు. నిలువునా ఉండగా విప్పితే మనిషి పడిపోతుందని మొదటిరోజే చెప్పారు. బల్ల తెచ్చి వెనకాల ఆనించాం. నూకాలు అంబలి గ్లాసు నోటికి పెట్టి తాగించింది. నేను ఎదురుగా నుంచున్నాను, ఆ పిల్ల నిలబడి ఉంటే నేను కూర్చోడం ఎలా?

వరహాలమ్మ రేడియోలో దొరకలేదు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా చూసి, ఇంక ఆగలేక చిన్న డిస్కులోంచి నాకు తెలిసినవి తీసేశాను. తెలిసినవి అంటే నేను పెట్టుకున్నవే. నలభై ఏళ్లలో నేను నేర్చిన ముళ్లు, పేటలు, ఏ తాడు ఎంత బరువుకి ఆగుతుందో, అన్నీ నోటితో చెప్పి దాచుకున్నాను. రాయడం అంతగా రాదు కాబట్టి అలా దాచాను. ఇరవై పాళ్లు ఖాళీ అయింది. కాళ్లు వదులయ్యాయి. పిల్ల కూర్చుంది.

నా పాఠాలు తీసేశానని ఇంట్లో చెప్పలేదు.

ఇరవై ఆరో రోజు, మంగళవారం

వరహాలమ్మ వచ్చింది. యాభై ఏళ్ల మనిషి, నోరు ఎంత పెద్దదో చెయ్యి అంత నేర్పుగలది. వస్తూనే పెద్ద డిస్కు మొహం మీద కుంకుమ చూసి, డిస్కుకి పెళ్లి చేశావా వదినా అని నూకాలుని ఆటపట్టించింది. నూకాలు కూడా తగ్గలేదు. మా పిల్లని నడిపించేదానికి బొట్టు పెట్టకపోతే నీకు పెట్టాలా అంది.

తరవాత వరహాలమ్మ నవ్వలేదు. చిన్న డిస్కులో ఉన్న ఒక్కో అరా తెరిచి, ఎంత ఉందో చెప్పుకుంటూ పోయింది. నేను కాగితం మీద కూడుతూ పోయాను. అన్నీ కూడితే ఇరవై రెండు వచ్చింది. పెట్టె మాత్రం ఎనభై అంటోంది. మళ్లీ కూడాం. ఇరవై రెండే.

"అన్నియ్యా, యాభై ఎనిమిది పాళ్లు ఎవులో మింగీసి కూకున్నారు. ఉన్నాయి, కానీ అవుపడవు," అంది.

తీసేసినదాన్ని పెట్టె ఇంకా పట్టుకుని వదలడం లేదేమోనని పెట్టెని ఆపి మళ్లీ మొదలెట్టింది. ఎనభయ్యే. అప్పుడు నావైపు తిరిగి, పెద్ద డిస్కుని సొరుగులోంచి ఎవరైనా తీస్తున్నారా అని అడిగింది. ఎవరూ తియ్యరమ్మా, మా ఇంట్లో దాన్ని కన్నుగుడ్డులా చూసుకుంటాం అన్నాను. నూకాలు కూడా తలూపింది. మేం అబద్ధం చెప్పలేదు. అప్పటికి అదే నిజమని మా ఇద్దరి నమ్మకం.

పడవకి ఆటు తగిలేలోగా వెళ్లిపోవాలని లేచింది. రోజూ రెండు పూటలా అంకె రాయమంది.

ముప్ఫయ్యో రోజు, శనివారం

ఈరోజు రాయాలని లేదు. కాని రాయమన్నారు.

పొద్దున్న తొంభై ఏడు. ఇవాళ వంతెన ఎక్కొద్దమ్మా అని పైడితల్లితో అన్నాను. పది రోజులే ఉంది నాన్నా, వంతెన మీద అలవాటు పడాలి అంది. సాయంత్రం దాకా బాగానే ఉంది, రెండుసార్లు వెళ్లి వచ్చింది. మూడోసారి వస్తూ మధ్యలోకి చేరేసరికి కాళ్లు బిగుసుకున్నాయి. వంతెన ఊగింది. తాడు అందుకోబోయి ముందుకి పడింది. నుదురు చీరుకుపోయింది. నేను పాక్కుంటూ వెళ్లి పట్టుకున్నాను. ఎదురు మిద్దెవాళ్లు చెక్క పలక పట్టుకొచ్చి దాని మీద మోసుకొచ్చారు. వాళ్లు ఏమీ అడగలేదు. అడిగినా బాగుండేది.

వరహాలమ్మ రేడియోలో ఒక్కొక్కటీ చెబుతుంటే, పెట్టె దాచుకున్న తన పాత నకళ్లు కొన్ని తీసేశాను. నూరు కాస్తా తొంభైకి దిగింది. ఇంకేమీ తియ్యకు, ఈపాలి తీత్తే పెట్టె లెగదు అంది.

ముప్ఫై రెండో రోజు, సోమవారం

పైడితల్లి కాళ్లు తొడుక్కోలేదు. మంచం మీదే కూర్చుని, కాళ్లు పంపించెయ్ నాన్నా అంది. వరసలో మా తరవాత ఉన్నావిడ ఇద్దరు పిల్లల తల్లి. ఆవిడింట్లో పెట్టె సరిగ్గా ఉందేమో, అక్కడైనా నడుస్తాయేమో అంది.

నేను ఏదేదో చెప్పాను. పదకొండు అడుగులు అన్నాను, అరవై అన్నాను, మెట్లెక్కావు కదమ్మా అన్నాను. చెబుతూంటే నాకే మళ్లీ సంతోషం వచ్చేసింది, నా మొహం ఎలా ఉందో నాకు తెలీదు. అది నాకేసి చూసి మెల్లగా అంది.

"నువ్వు సంబరపడకు నాన్నా. నీ సంబరం సూత్తే నాకు బయమేత్తంది. నేను పడినప్పుడు నాకన్నా నువ్వే ఎక్కువ పడతన్నావు."

ఆరేళ్ల కిందట తుపానులో, పైడితల్లి మీద ఉండగా తెగిన వంతెన తాడు నేను పేనినది. ఆ సంగతి మా ఇంట్లో ఒక్కసారి కూడా ఎవరూ నోటితో అనలేదు. పైడితల్లి అసలే అనలేదు. నేను సంబరపడేది దాని కోసమో నా కోసమో నాకే తెలీదు.

సాయంత్రం మళ్లీ అడిగాను. శుక్రవారం దాకా ఆగు, ఈలోగా ఎందుకు నిండుతోందో కనిపెట్టలేకపోతే నేనే కాళ్లు భుజాన వేసుకుని కొట్టుకి తీసుకెళ్లి ఇచ్చేస్తాను అన్నాను. సరే అంది.

ముప్ఫై ఆరో రోజు, శుక్రవారం

తాడు ఎక్కడ నలుగుతోందో తెలియకపోతే మా పనిలో ఒకటే దారి. తాడు పక్కన కూర్చోవాలి. చేతిలో వేరే పని పెట్టుకోకూడదు. పోటూ ఆటూ పూర్తయ్యేదాకా కళ్లు తిప్పకుండా చూడాలి. రాసిన అంకెలన్నీ ముందేసుకుని చూస్తే పెరుగుదల దాదాపు అంతా గురువారం సాయంత్రానికీ శనివారం పొద్దుటికీ మధ్యనే పడుతోంది. అందుకని ఇవాళ తెల్లవారగానే పెట్టె ముందు పీట వేసుకున్నాను.

అంకె తొంభై. నీళ్ల పడవ వచ్చింది, పోయింది. తొంభయ్యే. నూకాలు తలంటుకుని వచ్చి, అడ్డు లే అంది. నా కాళ్లు పక్కకి పెట్టుకుని దారిచ్చాను. ఎప్పటిలాగే సొరుగు లాగి, పెద్ద డిస్కు బయటకి తీసి, ఉప్పు తుడిచి, పసుపు రాసి, పీట మీద అమ్మవారి పటం ముందు పెట్టింది. కుంకుమ భరిణె అందుకో అంటే నేనే అందించాను. నా చేత్తోనే అందించాను అయ్యా.

పైడితల్లి కాళ్లు తొడుక్కుని లేచింది. శుక్రవారాల్లో పీట చుట్టూ దీపం ఆరేదాకా తిరగడం దాని మొక్కు. మొదటి వారం వాళ్లమ్మ భుజం పట్టుకుని తిరిగింది, తరవాత్తరవాత ఒక్కతే ఎక్కువసేపు తిరుగుతోంది. నిదానంగా, చేతులు జోడించి. ఇవాళ నుదుటి మీద కట్టుతో.

తొంభై ఒకటి.

నేను కళ్లు నులుముకున్నాను. ఇంకో చుట్టు తిరిగింది. తొంభై రెండు. అది తిరుగుతోంది, అంకె ఎక్కుతోంది. తొంభై మూడు. తొంభై నాలుగు అయ్యేసరికి, ఆగమ్మా అన్నాను. ఆగింది. అంకె కూడా ఆగింది. ముగ్గురం పీట వైపు తిరిగాం. పీట మీద పెద్ద డిస్కు, దాని ముందు దీపం.

రేడియోలో వరహాలమ్మ అంతా విని, నిన్ను అడిగాను కదా అన్నియ్యా, తీస్తున్నారా అని, అంది.

"పూజకి తియ్యడం తియ్యడమేటి సెల్లెమ్మా?" అన్నాను.

నిజంగానే నాకు అలాగే అనిపించింది. దేవుణ్ణి ఊరేగింపుకి తీసుకెళితే గుళ్లోంచి దేవుణ్ణి తీసేశారని ఎవరంటారు?

ఆవిడ విడమరిచి చెప్పింది. పెద్ద డిస్కు సొరుగులో లేదని మా పెట్టెకి తెలీదట. అడుగు పడగానే అదే పేరున్న చోట రాసేస్తుంది, ఆ చోటు చిన్న డిస్కు మీద ఉంది. పూజయ్యాక పెద్దది మళ్లీ పెట్టగానే అది వచ్చి ఆ చోటు మీద కూర్చుంటుంది. కింద ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, కనబడవు. గచ్చులో గొయ్యి తవ్వి బియ్యం పోసి, పైన నీళ్ల గాబు పెట్టేసినట్టు. ఇంట్లో బియ్యమన్నీ కొలిచినా ఆ బియ్యం లెక్కకి రావు.

నూకాలు పమిట నోటికి అడ్డం పెట్టుకుని కూలబడింది. నా చేత్తోనే నా పిల్ల నుదురు పగలగొట్టానా అని ఒకటే మాట. పైడితల్లి వెళ్లి పక్కన చతికిలబడింది. కాళ్లు మడుచుకుని, అంత తేలిగ్గా కూర్చోవడం నేను ఆ గొడవలో గమనించనే లేదు. తరవాత తల్చుకుంటే గుర్తొచ్చింది.

ముప్ఫై ఏడో రోజు, శనివారం

పదిహేను రోజుల వంతు కాకపోయినా వరహాలమ్మ పడవ కట్టించుకుని వచ్చింది. పెద్ద డిస్కు తీసి చూపించింది. దాని కింద, చిన్న డిస్కు మీద, డెబ్బై తొమ్మిది పాళ్లు. శుక్రవారాల అడుగులన్నీ, ఒక్కటీ పోకుండా.

చెరిపెయ్యనా అని అడిగింది. నూకాలు చెయ్యి అడ్డం పెట్టింది. అవి అమ్మవారి చుట్టూ వేసిన అడుగులు, చెరిపితే ఒప్పుకోను అంది. నేను నా తాళ్ల పాఠాలు తలుచుకుని, నూకాలు మాటే నా మాట అన్నాను. వరహాలమ్మ గొణుక్కుంటూనే పెద్ద డిస్కుని వేరే పేరుతో పిలిచి, కింద ఉన్నవన్నీ అందులోకి మోయించింది. సగం పూట పట్టింది. చిన్న డిస్కు పదిహేనుకి దిగింది. పెద్దది లేనప్పుడు అడుగు రాయకుండా ఊరుకోమని పెట్టెకి నేర్పింది. వెళుతూ వెళుతూ, బొట్టు సొరుగు మీదే పెట్టు వదినా, అమ్మవారికి లోపలున్నది అవుపడదా అంది.

ముప్ఫై ఎనిమిదో రోజు, ఆదివారం

మలుపు తిరిగింది. తూలలేదు.

గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి, ఇటు తిరిగి అటు తిరిగి. రేడియోలో వరహాలమ్మ కూడా ఆశ్చర్యపోయింది, తరవాత తనే చెప్పింది. మా ఇంట్లో పైడితల్లి గుండ్రంగా తిరిగింది శుక్రవారాల్లోనే. మిగతా రోజులన్నీ తిన్నగా కిటికీకీ, మెట్లకీ, వంతెనకీ. పెట్టె చదువుకున్నవి తిన్నగా వేసిన అడుగులే. తిరిగిన అడుగులన్నీ గాబు కింద ఉండిపోయాయి. అవి నిన్న పైకొచ్చాయి, పెట్టె చదువుకుంది.

పొంగిపోవాలి. పొంగలేదు. పైడితల్లి వైపు చూసి అణుచుకున్నాను. వంతెన మీద అది మళ్లీ అడుగు పెట్టలేదు. ఎల్లుండి పెడతానంది, ఒకేసారి.

నలభయ్యో రోజు, మంగళవారం

కాళ్ల కొట్టు నుంచి మరిడయ్య గారు వచ్చారు. చాప మీద కూర్చుని ఈ పుస్తకం మొదటి పుట నుంచి చదివారు. ముప్ఫయ్యో రోజు దగ్గర వేలు పెట్టి చాలాసేపు ఆగారు. వంతెన మీద మనిషి పడ్డాక ఇంక పరీక్ష అక్కర్లేదు, కాళ్లు తీసుకుపోవచ్చు, ఆ సంగతి నీకూ తెలుసు కదా అన్నారు. తెలుసన్నాను. మరి ఎందుకు రాశావు అన్నారు. మీరు రాయమన్నారు కదా బాబూ అన్నాను.

ఆయన నూకాలుని పిలిచి సొరుగు చూపించమన్నారు. సొరుగు మీద కుంకుమ, లోపల డిస్కు. అంకె పదహారు. పుస్తకం మూసి, పిల్లని పిలవండి అన్నారు.

పైడితల్లి వంతెన మీద అడుగు పెట్టింది. గాలి ఉంది. నేను తాడు ముడి దగ్గర కూర్చుని ముడి మీద చెయ్యి వేసుకున్నాను. లెక్కపెట్టలేదు, పైకి లెక్కపెడితే దానికి వినబడుతుంది. ఎదురు మిద్దె చేరింది. అక్కడ ఆగింది. కాళ్లు బిగుసుకున్నాయని నేను లేవబోయాను. నూకాలు నా భుజం నొక్కింది. బిగుసుకోలేదు. అది వెనక్కి తిరగకుండా మిద్దెల వరసలన్నీ, కింద నీళ్లూ, దూరంగా పాత వంతెన స్తంభమూ తీరిగ్గా చూస్తోంది. ఆరేళ్లయింది కదా అటు నుంచి అలా నిలబడి చూసి. తరవాత తిరిగింది. ఎడం కాలు పడవలసిన చోటే పడింది.

వచ్చి మా ముందు ఆగలేదు. మరిడయ్య గారినీ దాటుకుని ఇంట్లోకి పోయి, గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఆయనకిచ్చింది. ఆయన తాగి, గ్లాసు తిరిగిచ్చి, పుస్తకంలో అడ్డంగా సంతకం పెట్టారు. కాళ్లు ఈ ఇంటివే అని రాశారు.

అప్పుడు పైడితల్లి నా పక్కన కూర్చుంది.

"ఇంక సెప్పుకో నాన్నా, ఎవులెవులికి సెప్పుకుంటావో," అంది. "ఇప్పుడు నాకు బయం నేదు."

ఈ పుస్తకంలో ఇంకో పుట మిగిలింది. మీకు అక్కర్లేకపోయినా నాకు కావాలి, మన్నించండి. చెప్పాల్సినవాళ్లు:

నూకాలు అన్నయ్య ఎర్రునాయుడు, మూడో వరస. ముందు ఈయనకే చెప్పాలి, లేకపోతే ఏడాది మాట్లాడడు.

ఆయన కోడలు చిట్టెమ్మ. విడిగా చెప్పాలి, వాళ్లిద్దరికీ పడదు.

నా తోడల్లుడు లక్షుంనాయుడు, ఉప్పు మడుల దగ్గర. రేడియో లేదు, నీళ్ల పడవతో కబురు పంపాలి.

మా చిన్నాన్న కూతుళ్లు ముగ్గురు. ఒకరికి చెబితే చాలు.

పైడితల్లి మేనత్త కొడుకు గవరయ్య. వంతెన తెగిన రోజు నీళ్లలోకి దూకి దీన్ని పైకి తెచ్చింది ఇతనే. ఇంటికి పిలిచి భోజనం పెట్టి చెప్పాలి.

వరహాలమ్మ. చుట్టం కాదు, ఇప్పుడు అయింది.

మా అక్క బంగారమ్మ, అయిదో వరస చివరి మిద్దె. చూపు పోయి పదేళ్లయింది. మాటలతో చెబితే నమ్మదు, నన్ను ఊరుకోబెట్టడానికి చెబుతున్నావు తమ్ముడూ అంటుంది. ఈవిడకి నేను చెప్పను. రేపు పొద్దున్న పైడితల్లే వెళ్లి, ఆవిడ గది గుమ్మం నుంచి మంచం దాకా నడుస్తుంది. అడుగుల చప్పుడు ఎవరిదో ఆవిడే చెప్పాలి.